మార్చవలసినవి, మార్చకూడనివి

“మాస్టారూ, ఆ డొక్కు కారును ఇంకా ఎన్నాళ్లు తోముతారు?” అని మా ఊళ్లో నన్ను అడగనివారు తక్కువ. అడిగేవారిలో మా ఇంటావిడ కూడా ఉన్నది. నర్సాపురం దగ్గర పల్లెలో ఉంటూ, ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. కొందరికి పూలమొక్కలు, కొందరికి పావురాలు. నాకు 1991 నాటి మారుతి 800. 2003లో ఒక డాక్టరుగారి దగ్గర కొన్నాను. ఆ బండిని కాపాడుకోవడంలో తెలుసుకున్న సంగతులు, దాని మూలంగా మా అబ్బాయికీ నాకూ మధ్య జరిగిన సంగతి, పిల్లలున్న తల్లిదండ్రులకు ఉపయోగపడతాయని వ్రాస్తున్నాను.

పుట్టిల్లు జపాను

మారుతిని మనం మన కారే అనుకుంటాం. తప్పు లేదు గాని, దాని పుట్టిల్లు జపాను. 1982 అక్టోబరులో మారుతి ఉద్యోగ్ సంస్థకూ జపానుకు చెందిన సుజుకీ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలను ప్రధాని ఇందిరాగాంధీ అందజేశారు. 1986లో బండి రూపం మారింది. మా కారు ఆ రెండో రూపంలోది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయేనాటికి 25 లక్షలకు పైగా మారుతి 800లు రోడ్డెక్కాయి.

యుద్ధంలో చితికిపోయిన జపాను 1949లో చిన్న బండ్లకు ఒక తరగతి ఏర్పరచింది. దాన్ని ‘కేయ్’ అంటారు. పొడవు ఇంత, వెడల్పు ఇంత, ఇంజను ఇంత మించరాదని హద్దులు పెట్టి, పన్నులో తగ్గింపు ఇచ్చారు. 1976 నుండి 1990 వరకు ఆ ఇంజను హద్దు 550 సీసీ. మా కారుకు జపానులో ఉన్న తోబుట్టువు ఆ హద్దులో పుట్టినదే. మనకు వచ్చినదానికి మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజను అమర్చారు. హద్దులో పని చేయవలసి వచ్చినందున ఆ ఇంజనీర్లు అక్కరలేనిది ఒక్కటీ ఉంచలేదు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడున్నదో కంటికి కనబడుతుంది, చెయ్యి దూరుతుంది. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవరు, ఒక జాకీ ఉంటే చాలావరకు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

పాత జపాను కార్లను పెంచుకొనేవారు ఇక్కడే కాదు, చాలా దేశాల్లో ఉన్నారు. జపానులో కొత్త కారును మూడేళ్లకు మొదటిసారి, ఆ తర్వాత రెండేళ్లకొకసారి తనిఖీకి తీసుకువెళ్లాలి. పెట్రోలు బండికి 13 ఏళ్లు దాటితే పన్ను పెరుగుతుంది. అయినా ఇష్టపడి ఉంచుకొనేవారు ఉండబట్టి కంపెనీలే దిగివచ్చాయి. 1989లో వచ్చిన రోడ్‌స్టర్ కారును తిరిగి బాగుచేసి ఇచ్చే పనిని మాజ్దా 2017లో మొదలుపెట్టింది. నిస్సాన్ తన పాత స్కైలైన్ జీటీఆర్‌కూ, టయోటా తన పాత సుప్రాకూ ఆగిపోయిన విడిభాగాలను మళ్లీ తయారు చేయించాయి. అమెరికాలో 25 ఏళ్లు నిండిన విదేశీ బండికి అక్కడి భద్రతా ప్రమాణాల నుండి మినహాయింపు ఉన్నది. అందుచేత జపానులో వయసు మీరిన కార్లు సముద్రం దాటి అక్కడ కొత్త యజమానులను వెదుక్కుంటున్నాయి.

చేతితో చేసే పని

మా పక్క ఉప్పుగాలి ఎక్కువ. కారుకు మొదటి శత్రువు తుప్పు. తలుపుల అడుగున నీరు పోయే చిన్న కన్నాలుంటాయి. అవి మట్టితో పూడుకుపోతే నీరు లోపలే నిలిచి రేకును తినేస్తుంది. నెలకొకసారి సన్నటి పుల్లతో వాటిని శుభ్రం చేస్తాను. కాళ్ల దగ్గర పరచిన రబ్బరు షీటు ఎత్తి తడి ఉన్నదేమో చూస్తాను. వర్షాకాలం వెళ్లగానే మడ్‌గార్డుల లోపల బురద కడిగి, ఆరబెట్టి, తుప్పు కనబడినచోట గీకి ప్రైమరు పూస్తాను. పది రూపాయల పని వాయిదా వేస్తే పదివేల పని అవుతుంది.

ఇంజనులో ప్లగ్గులు విప్పి మసి తుడిచి, సందు 0.7 నుండి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉన్నదో లేదో ఫీలర్ గేజితో కొలుస్తాను. రేడియేటరులో బావినీళ్లు పోయను. వాటిలోని ఉప్పులు లోపల పొరకట్టి సన్నని గొట్టాలను మూసేస్తాయి. కాబట్టి కూలెంటే పోస్తాను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఆ తేమ వేడికి ఆవిరైతే పెడలు తొక్కినా బ్రేకు పట్టదు. అందుకని రెండేళ్లకొకసారి పాతది తీసి కొత్తది పోయిస్తాను. టైమింగ్ బెల్టు, బ్రేకుల పని మాత్రం షెడ్డులో మెకానిక్ చేతికే అప్పగిస్తాను. మనకు చేతనైనది మనం చేయాలి, ప్రాణాలతో కూడినది పనివాడు చేయాలి.

ఖర్చుకు ఒక చిన్న పుస్తకం పెట్టాను. నెలకు ఇంత అని గీత గీసుకొని, ఆ గీత దాటితే వస్తువు ఎంత ముద్దొచ్చినా వచ్చే నెలకే. ఇంటి అవసరాలను మింగేది హాబీ కాదు, వ్యసనం.

అబ్బాయి తెప్పించిన పెట్టెలు

2020లో లాక్‌డౌను వచ్చినప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి ఇంటికి వచ్చి, ఇక్కడి నుండే పని చేయసాగాడు. అంతకుముందు ఫోనులో “తిన్నావా?”, “తిన్నాను నాన్నా” అనేదాన్ని మించి మా మధ్య మాట నడిచేది కాదు. సాయంత్రాలు వాడు కారు దగ్గరకు వచ్చి నిలబడడం మొదలుపెట్టాడు. జపానులో కుర్రాళ్లు పాత కార్లను నేలకు దించి, వెడల్పు చక్రాలు వేసి తిప్పే వీడియోలు చూపించేవాడు. కొన్ని వారాలకు ఇంటికి రెండు పెద్ద పెట్టెలు దిగాయి. వాటిలో పదమూడు అంగుళాల వెడల్పాటి అల్లాయ్ చక్రాలు, టైర్లు, ఒక సైలెన్సరు ఉన్నాయి. మా కారువి పన్నెండు అంగుళాలవి.

“ఇవి వేస్తే ఊళ్లో మన కారు వంక తిరిగి చూడనివాడు ఉండడు నాన్నా” అన్నాడు.

“మరుసటి ఏడు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఉన్నది రా. ఈ అవతారంలో చూస్తే ఫిట్‌నెస్ ఇవ్వరు” అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. నాలుగు రోజులు కారు దగ్గరకు రాలేదు. చట్టం నా పక్షాన ఉన్నదని నాకు తెలుసు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడు చేసిన సవరణలో ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు కూడా ఉన్నాయి. కాని చట్టం చెప్పి నోరు మూయించిన కొడుకు మాట వింటాడే గాని, మన దగ్గరకు రాడు. నేను పోగొట్టుకోదలచనిది కారును కాదు, ఆ సాయంత్రాలను.

అయిదో రోజు నేనే పిలిచాను. “ఒరేయ్, వాటిని బిగించి చూద్దాం రా. బాగుంటే అప్పుడు మాట్లాడుకుందాం.”

సైలెన్సరును పక్కన పెట్టి, చక్రాలు బిగించాము. వెనుక సీటులో రెండు ధాన్యం బస్తాలు వేశాము. ముందు మేమిద్దరం కూర్చున్నాము. నలుగురు ఎక్కితే ఎంత బరువో అంత. మా స్థలంలోనే గేటు దగ్గర మెరక మీదుగా మెల్లగా పోనిచ్చాము. వెనుక కర్రుమని చప్పుడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే ముందు కూడా అదే. దిగి చూస్తే మడ్‌గార్డు అంచు కొత్త టైరు మీద గీత గీసింది. వాడు వేలితో ఆ గీత తడిమి, కాసేపు మాట్లాడలేదు. చక్రం బయటికి పొడుచుకువచ్చేకొద్దీ బేరింగు మీద భారం పెరుగుతుందని చెప్పబోయాను. అంతలో వాడే అన్నాడు, “నాయనమ్మ వెనకాలే కదా కూర్చునేది.”

ఇక నేను చెప్పవలసినది ఏమీ మిగలలేదు. చక్రాలు, సైలెన్సరు తిరిగి అమ్మేశాడు. కొంత నష్టం వచ్చింది.

కనబడని మార్పులు

ఆ తర్వాత వాడు అడిగిన ప్రశ్న మంచిది. “అయితే ఈ బండిలో ఏమి మార్చవచ్చు నాన్నా?” ఇద్దరం కూర్చొని జాబితా వ్రాశాము. మొదటిది వెలుగు. పాత కారులో దీపాల కరెంటు అంతా స్టీరింగు దగ్గరి స్విచ్చు గుండా, ముసలి తీగల గుండా పోతుంది. దారిలోనే వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు అంతకన్నా చాలా ఎక్కువ తగ్గుతుంది. ఎక్కువ వాట్ల బల్బు వేస్తే ఎదుటివారి కళ్లు చెదురుతాయి, తీగలు కాలుతాయి. మావాడు అవే 60/55 వాట్ల బల్బులు ఉంచి, బ్యాటరీ నుండి ఫ్యూజుతో నేరుగా లావు తీగ లాగి, మధ్యలో రిలే పెట్టాడు. ఇప్పుడు స్విచ్చు ఆజ్ఞ మాత్రమే ఇస్తుంది, బరువు రిలే మోస్తుంది. ఆ రాత్రి గోడ మీద పడిన తెల్లటి వెలుగు చూసి మా ఇంటావిడ కూడా “ఇది బాగుందండీ” అన్నది.

నిగ్గు తగ్గి అంచులు చిరిగిన ముందు సీటు బెల్టులు మార్చాము. పెట్రోలు పైపులు మార్చాము. ఈ చివరిది ఇప్పుడు మరీ ముఖ్యం. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకొంటుంది, పాతకాలపు రబ్బరును పాడుచేస్తుంది. పైపు చిట్లి పెట్రోలు వేడి ఇంజను మీద కారితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. కార్బురేటరు కారు ఉన్నవారు ఇథనాల్‌కు తట్టుకునే పైపులు, గాస్కెట్లు వేయించుకోండి. పెట్రోలును నెలల తరబడి ట్యాంకులో నిలవ ఉంచకండి. వారానికొకసారైనా బండిని నడపండి.

2021లో నాలుగోసారి రెన్యూవల్‌కు వెళ్లినప్పుడు తనిఖీ చేసినాయన దీపాలు వేయించి చూసి, “దీన్ని ఎవరు చూసుకుంటున్నారు?” అని అడిగాడు. నేను మావాడి వంక చూపించాను.

చదువరులారా, మీ ఇంట్లో బండి ఉన్నా లేకపోయినా, పాతదాన్ని అభిమానించే పెద్దలు, కొత్తదనం కోరే పిల్లలు ఉంటారు. ఏదైనా మార్చాలని పిల్లలు అడిగినప్పుడు వెంటనే కాదనకండి, వెంటనే సరే అనకండి. వారితో కూర్చొని కొలవండి. లోపల కూర్చునేవారికి ఇది మేలా, ఎదురుగా వచ్చేవారికి కీడా అని వారినే తేల్చమనండి. ఇప్పుడు మావాడు హైదరాబాదులోనే ఉన్నాడు. ఆదివారం సాయంత్రం ఫోను చేస్తే “తిన్నావా?” అన్న మాట చివరికి గాని రాదు. ముందు కార్బురేటరు సంగతే.