అలవాటు పడ్డది

పేనుబంక అనే పేరు పెట్టినవారెవరో గాని, పురుగు లక్షణాలు రెండూ ఆ సమాసంలో ఇమిడిపోయాయి. పేనువలె ఆకు అడుగున గుంపుగా అంటుకొని రసం పీలుస్తుంది. తియ్యని బంక విసర్జిస్తుంది. ఆ బంకపై మసివంటి బూజు పడుతుంది. కాయ పగిలాక వస్తే దూదికీ జిగటే. మన వేడి సీమలో దీనికి మగపురుగుతో పని లేదు. తల్లి గుడ్లు పెట్టక నేరుగా ఆడపిల్లలనే కంటుంది. వారం పది రోజులకు ఆ పిల్లా తల్లే.

మేడ్చల్ నుండి శామీర్‌పేట వైపు, ప్లాట్ల హద్దురాళ్ల నడుమ మిగిలిన చేలలో ఒకటి నా పూర్వ విద్యార్థిది. పత్తి, గట్టు పక్కన బెండ. "పురుగు మందుకు అలవాటు పడ్డది సార్, డోసు పెంచాలె" అన్నాడు. వ్యాకరణం చెప్పి బ్రతికినవాడిని, ఆ క్రియ దగ్గరే ఆగిపోయాను. కల్లుకు మనిషి అలవాటు పడినట్లు పురుగు విషానికి అలవాటు పడదు. వేలలో ఏ ఒకటో రెండో పుట్టుకతోనే తట్టుకొనేవి ఉంటాయి. మందు తక్కినవాటిని చంపి, చేనంతా వాటికి అప్పగిస్తుంది. తండ్రి లేని సంతానం కనుక తల్లి గుణం కూతుళ్లకు ఉన్నదున్నట్లు సంక్రమిస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ పురుగు నరాలలోని ఒక ప్రోటీనును పట్టుకొని చంపుతుంది. చైనా, కొరియాలలో దానికి చావని పేనుబంకను పరీక్షించినవారికి ఆ ప్రోటీనులో 81వ స్థానాన ఆర్జినిన్ బదులు థ్రియోనిన్ కనిపించింది. ఒక్క అక్షరం మారిందన్నమాట!

అతని చేతిలో రెండు డబ్బాలున్నాయి. కళ్లద్దాలు సవరించుకొని సన్నక్షరాలు చదివాను. పేర్లు వేరు, లోపలి రసాయనం ఒక్కటే. ఇవి పర్యాయపదాలు నాయనా, మార్చవలసింది పేరు కాదు, రసాయన వర్గాన్ని అన్నాను. ఖాతా మీద తెచ్చినవట, దుకాణదారు వాపసు తీసుకోడట.

1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పైరిథ్రాయిడ్లకు శనగపచ్చ పురుగు లొంగలేదు, తెల్లదోమ చెలరేగింది, పత్తి పోయింది. అప్పులపాలైన రైతులు పురుగులు చావని ఆ ద్రవాన్నే తాగారు. దానిని 'మందు' అనడం నాకు నేటికీ మింగుడుపడదు.

పేనుబంకను తినే ఎర్రని చుక్కల పురుగును మనవారు అక్షింతల పురుగు అన్నారు. ఎంత ముద్దైన పేరు! డోసు పెంచి పిచికారీ చేస్తే ముందు రాలేది అదే. అందుకే విశ్వవిద్యాలయంవారు 20, 40, 60 రోజులప్పుడు ఇమిడాక్లోప్రిడ్ ఒక పాలు, నీరు ఇరవై పాళ్లుగా కలిపి కాండానికి పూయమన్నారు. రైతుల మాటలో అది బొట్టు పెట్టడం. కానీ తట్టుకొనే పురుగుకు బొట్టయినా అదే విషం. ఒకసారి అది పెడితే మరుసారి ఫ్లోనికామిడ్ వంటి వేరొక వర్గపు మందు పెట్టాలి.

పత్తి సంగతి ఇది. బెండ మీద చేరేదీ ఈ పేనుబంకే. బెండకు ఈ పూత పనికిరాదు. కాయ రెండు రోజులకొకసారి కోతకు వస్తుంది, తెల్లవారేసరికి నగరంలో మన సంచులలో ఉంటుంది.