‘పాత బండి ఇంతే’ అనే తీర్పు



పెద్ద రిపేరు చేయించాక బండి మొరాయిస్తే ఎక్కడ వెతకాలి? మెకానిక్కుల దగ్గర దీనికి ఒక మొదటి సూత్రం ఉంది: చెయ్యి ఎక్కడ పడిందో ముందు అక్కడ చూడు. పాత బండిలో అరిగిపోయినవి చాలానే ఉంటాయి. కానీ నిన్నటిదాకా లేని జబ్బు ఇవాళ వచ్చిందంటే, ఈ మధ్యలో ఏం విప్పారు, ఏం బిగించారు అన్నదే అడగాలి. అది అడగకుండా చెప్పేది ఏదైనా జబ్బు పోల్చడం కాదు, తీర్పు ఇవ్వడం. ఈ రెంటికీ ఉన్న తేడా గురించే ఈ వారం రాస్తున్నాను.

నా బండి 2006 మోడల్ స్ప్లెండర్ ప్లస్. పీహెచ్‌డీలో ఉండగా రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ మొదటి విడత చేతికి రాగానే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 97.2 సీసీ, ఒకటే సిలిండరు, గాలికి చల్లబడే ఇంజను. పల్లెల్లో మీటింగులకీ, ఎక్కడైనా మనవాళ్ళ మీద దాడి జరిగితే నిజనిర్ధారణకీ దాని మీదే తిరిగాను. ఆ మధ్య సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలైంది. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతున్నట్టు, నీలం పొగ వస్తే ఇంజనాయిలు మండుతున్నట్టు. బోరు పని తప్పదన్నారు. టౌన్లో పేరున్న షెడ్డులో ఇచ్చాను. సిలిండరు బోరు కొట్టించి, ఓవర్‌సైజు పిస్టను, కొత్త రింగులు వేశారు. వాల్వులు రుద్దారు. టైమింగ్ చైను మార్చారు. ఏడు వేల చిల్లర అయింది.

పొగ పోయింది. కొత్త జబ్బు వచ్చింది. పొద్దున్నే పది కిక్కులు కొడితే గానీ స్టార్ట్ కాదు. కార్బురేటర్ వైపు నుంచి టప్పుటప్పుమని తిరగ్గొడుతుంది. మూడో గేరులో నలభై దాటదు. ఇద్దరం ఎక్కితే ఫ్లైఓవర్ ఎక్కనంటుంది. లీటరుకు అరవై ఇచ్చిన బండి ముప్పై అయిదుకు పడిపోయింది.

షెడ్డుకు మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి, ‘కొత్త పిస్టను కదా సార్, తిరిగితే అదే సెట్ అయిపోద్ది’ అన్నారు. కొత్త పిస్టను కొన్ని వందల కిలోమీటర్లు బిగువుగా ఉండే మాట నిజమే. కానీ బిగువుగా ఉన్నంత మాత్రాన కార్బురేటర్‌లోకి తిరగ్గొట్టదు. రెండోసారి, ‘పాత బండి సార్, ఇంతే, ఇంతకంటే రాదు’ అన్నారు. మూడోసారి మాటల్లో ‘ఎక్కడుంటారు సార్’ అని అడిగారు. కాలనీ పేరు చెప్పాను. పేరులోనే అంబేడ్కర్ ఉంది కాబట్టి ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ‘సార్’ అక్కడితో ఆగిపోయింది. ‘మీ వైపు వాళ్ళు బండ్లు మోటుగా వాడతారబ్బా, ఇంజను ఏం చేస్తది’ అన్నాడు ఓనరు.

గమనించండి. మూడుసార్లలో ఒక్క బోల్టు కూడా విప్పలేదు. తప్పు మొదట కాలం మీదికి, తర్వాత బండి వయసు మీదికి, చివరికి నా పుట్టుక మీదికి వెళ్ళింది. ఇంజను మీదికి మాత్రం పోలేదు.

తర్వాత మా పేటలోనే చెట్టు కింద పనిచేసే అన్న దగ్గరికి తోసుకెళ్ళాను. పదో తరగతి తప్పాడు, పన్నెండో ఏటి నుంచి పానాలు పట్టుకున్నాడు. ఆయన బండి ముట్టుకోకముందు నాలుగు ప్రశ్నలు అడిగాడు. ‘ఏమేం విప్పారు తమ్ముడూ? ఇది పాత జబ్బా, కొత్త జబ్బా? పొగ ఉందా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?’ నేను పరిశోధనా పద్ధతుల పేపరు చదువుకున్నాను, ఇప్పుడు చెబుతున్నాను కూడా. ఇంత శుభ్రమైన ప్రశ్నావళి నేను ఎక్కువ చూడలేదు.

ఆయన వరస ఇది: బయట నుంచి లోపలికి, ఖర్చు లేని దాని నుంచి ఖర్చు ఉన్నదానికి. ముందు పెట్రోలు ధార చూశాడు, బాగానే ఉంది. ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాడు, నిప్పురవ్వ నీలంగా గట్టిగా వచ్చింది. ప్లగ్గు కొన మీద మసి ఉంది గానీ నూనె తడి లేదు. అంటే ఆయిలు పైకి రావడం లేదు. కార్బురేటర్ జాయింటు దగ్గర క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజను శబ్దం విన్నాడు. అక్కడ గాలి పీలుస్తూ ఉంటే శబ్దం మారాలి. మారలేదు.

తర్వాత కంప్రెషన్ గేజీ పెట్టాడు. కొత్త రింగులు వేసిన ఇంజనుకు ఉండాల్సినంత లేదు. ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూశాడు. రింగుల దగ్గర గాలి జారుతుంటే ఆ ఆయిలు సందులు మూసి కంప్రెషన్ పెరుగుతుంది. పెరగలేదు. ‘రింగులు కాదు, జబ్బు పైన వాల్వుల దగ్గరుంది’ అన్నాడు.

అప్పుడు గానీ మూతలు విప్పలేదు. మ్యాగ్నెట్ మీద ఉండే ‘టీ’ గుర్తును గీతకు కలిపాడు. పిస్టను పైకొచ్చిన ఆ చోట, పైన క్యామ్ పళ్ళచక్రం మీది గుర్తు హెడ్డు మీది గుర్తుతో కలవాలి. కలవలేదు. కొత్త చైను ఎక్కించేటప్పుడు ఒక్క పన్ను జరిగింది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి, అదీ సరిగ్గా తన వేళకు. ఒక్క పన్ను జరిగితే వాల్వు మూసుకోవాల్సినప్పుడు మూసుకోదు. పీల్చుకున్నది వెనక్కి పోతుంది. కొత్త పిస్టను, కొత్త రింగులు ఎంత మంచివైనా బలం రాదు.

పళ్ళచక్రం బోల్టులు రెండూ విప్పి, చైను ఒక పన్ను జరిపి, మళ్ళీ బిగించాడు. వెంటనే కిక్కు కొట్టలేదు. చేత్తో క్రాంకును రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూసుకున్నాడు, ఆ తర్వాత టాపెట్లు సరిచేశాడు. రెండో కిక్కుకు స్టార్ట్ అయింది. మూడు వందలు అడిగాడు.

ఇప్పుడు మన కాలేజీలకు వద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. అది పెద్ద రిపేరు. అవసరమైన రిపేరు కూడా. ఇంగ్లీషు మనకొద్దని తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపేవాళ్ళు చెబితే నేను వినను. కానీ తెలుగు మీడియంలో మంచి మార్కులతో ఇంటర్ పాసై వచ్చిన పిల్ల మొదటి సెమిస్టర్లో ఫెయిలైతే, ఫలితాల సమీక్షలో వినిపించే మాట ఏమిటి? ‘బేస్ వీకండీ.’ ఆ పిల్ల నిన్నటిదాకా బాగానే నడిచింది. ఇది కొత్త జబ్బు. మధ్యలో ఏం మార్చారు, మార్చినదాన్ని ఆ పిల్ల వేగానికి ఎవరు కలిపారు అని ఎవరూ అడగరు. కెమిస్ట్రీ చెప్పే ఒక స్నేహితుడు అవే ప్రశ్నలు తెలుగులో అడిగి చూశాడు. నోరు విప్పని పిల్లలు జవాబులు చెప్పారు. అది చెంచాడు ఆయిలు పరీక్ష. జబ్బు బుర్రలో లేదని తేలింది.

స్కాలర్‌షిప్పులూ అంతే. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితం మీద ఉంది. పరీక్ష ఫీజు కట్టేనాటికి రాదు, కోర్సు అయ్యాక సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉండిపోతాయి. రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయేనాటికి అతని ఫెలోషిప్ నెలల తరబడి అందలేదు. ఇంజను ఉండి, పెట్రోలు ఉండి, వేళ తప్పితే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

1936లో ‘కుల నిర్మూలన’లో అంబేడ్కర్, కులం శ్రమను పంచే ఏర్పాటు అన్నవాళ్ళకు జవాబిస్తూ, అది పనిచేసే మనుషుల్నే వేరుచేసి పైనా కిందా పెడుతుందని వాదించారు. దానికి నేనొకటి కలుపుతాను. కులం తెలివిని కూడా అలాగే వేరుచేస్తుంది. చెట్టు కింద అన్న చేసిన పనిని ‘చేతిపని’ అంటాం. సమీక్షలో కూర్చుని ఏదీ విప్పి చూడకుండా ‘బేస్ వీక్’ అనేదాన్ని మేధస్సు అంటాం.

నా విద్యార్థులకు ఒక్క మాట. మీరు వెనకబడ్డారని ఎవరైనా అంటే తలవంచుకోకండి, తలబిరుసుగానూ పోకండి. ఆ అన్న అడిగినట్టు అడగండి. ఇది పాతదా, కొత్తదా? మధ్యలో ఏం మార్చారు? మీరు ఏం విప్పి చూశారు? వీటికి జవాబు లేకుండా మీ గురించి చెప్పేది ఏదీ నమ్మకండి. రేపు మీరు టీచర్లో ఆఫీసర్లో అయ్యాక మీ ముందుకు వచ్చిన పిల్లల గురించి కూడా, గుర్తులు కలిపి చూడకుండా మాట్లాడకండి.

జై భీమ్.