విడిచిన బంతి, వెయ్యని గాలం

బోస్టన్ వీధులూ ప్లిమత్ రేవూ చూశాను. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఆ రోజుల్ని వదిలేస్తాను. మసాచుసెట్స్‌లో నన్ను పట్టి నిలిపింది కేప్ కాడ్ కాలువ గట్టు. సముద్రంలోకి వంగిన చెయ్యిలా ఉండే ఆ ద్వీపకల్పానికి భుజం దగ్గర తవ్విన కాలువ అది. వెడల్పు 480 అడుగులు. ఆగస్ట్ బెల్మాంట్ అనే ధనికుడు పూనుకుని తవ్వించి 1914లో తెరిచాడు. 1928లో ప్రభుత్వం కొనుక్కుంది, ఇప్పుడు సైన్యపు ఇంజనీర్ల అజమాయిషీలో ఉంది. రెండు చివర్లా ఉన్న అఖాతాల్లో పోటు వేళలు వేరు కావడంతో నీళ్లు సుమారు ఆరు గంటలకోసారి దిక్కు మార్చి పరిగెత్తుతాయి. ఆ పరుగులో చిన్న చేపలు కొట్టుకొస్తాయి, వాటి వెంట చారల ఒంటి స్ట్రైపర్లు వస్తాయి. కాలువలో పడవ మీంచి గాలం వేయడం నిషేధం. అందుకే ఎంత డబ్బున్నవాడైనా గట్టుకు పేర్చిన బండరాళ్ల మీద అందరి పక్కనే నిలబడాలి. సైకిలుకు ప్లాస్టిక్ గొట్టం కట్టి, అందులో గాలపు కర్ర నిలబెట్టుకుని, తెల్లవారకముందే వస్తారు. రాళ్లు పాచిపట్టి ఉంటాయి, కూర్చోవడానికి సుఖమైన చోటు ఉండదు. అయినా అమెరికాలో నేను చూసిన చోట్లన్నిటిలోనూ మనుషులు ఒకరి మాట ఒకరు నిజంగా వినిపించుకునే చోటు ఇదే అనిపించింది.

ప్రవాహం నిలిచి దిక్కు మారే వేళ చేప ఎర ముట్టదు. మాటలకు అదే అదను. రాత్రి బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ ఆట ఎందుకు చేజారింది, బంతి విసిరే ఆ పిచర్‌ను ఏడో ఇన్నింగ్స్ దాకా ఎందుకు ఉంచారు, కొత్త కుర్రాడు చెత్త బంతులకు ఎందుకు బ్యాటు ఊపుతున్నాడు అని మొదలవుతుంది. గొంతు మారకుండానే సంభాషణ చేపల మీదికి మళ్లుతుంది. నీళ్లు వేడెక్కాయి, ఇప్పుడు పట్టి వదిలినా బతకవు అంటారొకరు. ఫొటో కోసం అంతసేపు పైకెత్తి పట్టుకోవడమేమిటి అంటారింకొకరు. ఆట వేరు, వేట వేరు, ఊసుపోక రెండూ కలిపి మాట్లాడుకుంటున్నారని బయటివాళ్లకు తోచవచ్చు. నాకలా తోచలేదు. దేన్ని వదిలెయ్యాలి అన్న ఒక్క ప్రశ్ననే వాళ్లు రెండు వైపుల నుంచి తడుముతున్నారు. చేపల్ని కాపాడుకోవడానికి ఆ గట్టు మీద ఇంకా మిగిలిన పని ఏమిటో ఆ బేస్‌బాల్ కబుర్లలోనే దొరుకుతుందని నా నమ్మకం.

దానికి మొదటి సాక్షి టెడ్ విలియమ్స్. 1939 నుంచి 1960 దాకా, యుద్ధాల్లో విమానాలు నడిపిన ఏళ్లు తప్ప, రెడ్ సాక్స్‌కు మాత్రమే ఆడాడు. 1941 సీజన్ చివరి రోజు పొద్దుటికి అతని సగటు, అంటే కొట్టే అవకాశాల్లో హిట్ల వంతు, 0.39955. ఆడకుండా కూర్చుంటే అదే 0.400గా లెక్కకు వచ్చేది. కూర్చోలేదు. ఫిలడెల్ఫియాలో ఆ రోజు జరిగిన రెండు ఆటలూ ఆడి, ఎనిమిదింటిలో ఆరు హిట్లు కొట్టి, 0.406తో ముగించాడు. బేస్‌బాల్ తెలిసినవాళ్లందరికీ ఈ కథ తెలుసు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించే అంకె మరొకటి ఉంది. జీవితం మొత్తంలో అతని హిట్లు 2,654, కొట్టకుండా బంతుల్ని వదిలి సంపాదించిన వాక్‌లు 2,021. నాలుగు చెడ్డ బంతుల్ని వదిలేస్తే బ్యాటర్‌కు ఉచితంగా ఒక బేస్ దక్కుతుంది, దాన్నే వాక్ అంటారు. ఆఫ్ స్టంప్ అవతలికి పోయే బంతిని గవాస్కర్ వదిలిన తీరు చూసినవాళ్లకు ఇందులోని గొప్పతనం వేరే చెప్పక్కర్లేదు. విలియమ్స్ 1971లో రాసిన పుస్తకంలో కొట్టదగిన ప్రాంతాన్ని 77 బంతులుగా పేర్చి, ఏ చోటికి వచ్చిన బంతిని కొడితే ఎంత సగటు వస్తుందో రాశాడు. నడిమధ్యన 0.400. బయటి వైపు కింది మూలన 0.230. చేతికి అందే బంతి అయినా కొట్టదగిన బంతి కాకపోవచ్చునన్నది ఆ పటం సారం. ఆయనే పేరుమోసిన గాలగాడు కూడా. ఫ్లోరిడాలో ఇస్లమొరాడా దగ్గర టార్పన్లూ బోన్‌ఫిష్‌లూ, కెనడాలో మిరమిషీ నది మీద సాల్మన్లూ ఆయన పట్టినవే, వాటి మీద మరో పుస్తకం కూడా రాశాడు. కాలువ గట్టు మీద ఆయన పేరు రెండు కబుర్లలోనూ వస్తుందంటే అందుకే.

ఇక స్ట్రైపర్ కథ. దీన్నే బాస్ అని కూడా అంటారు. ఈ తీరంలో మనుషులు ముందుగా హద్దు గీసుకున్న చేపల్లో ఇదొకటి. బాస్‌నూ కాడ్‌నూ పొలాలకు ఎరువుగా వెయ్యరాదని 1639లోనే మసాచుసెట్స్ వలసవాసుల సభ శాసించింది. కేప్ కాడ్ చేపల వేట మీద వచ్చే రాబడిని బడి నడపడానికి కేటాయించాలని 1670లో ప్లిమత్ వాళ్లు తీర్మానించుకున్నారు. ఒక ఊరి పిల్లలకు చదువు చెప్పిన చేప ఇది. ఇంత పాత ఎరుక ఉన్నా, 1970ల చివరికి చేప తరిగిపోయింది. స్ట్రైపర్ సముద్రంలో పెరిగి నదుల్లోకి ఎదురీది గుడ్లు పెడుతుంది. మన గోదావరికి ఎదురొచ్చే పులస మాదిరే. అట్లాంటిక్ తీరపు స్ట్రైపర్లలో అధికభాగం పుట్టేది చీసపీక్ అఖాతంలో కలిసే నదుల్లో. అక్కడ పిల్లలు కరువయ్యాయి. 1984లో కేంద్ర ప్రభుత్వం చట్టం తెచ్చింది. 1985 నుంచి 1990 దాకా ఆ అఖాతం ఒడ్డునున్న మేరీలాండ్ రాష్ట్రం ఈ వేటను పూర్తిగా ఆపేసింది. 1995లో చేప కోలుకుందని ప్రకటించారు. ఎవరూ కొత్త యంత్రం కనిపెట్టలేదు. మనుషులు కొన్నేళ్లు చేతులు కట్టుకు నిలబడడమే ఆ విజయంలో ప్రధానమైన పని.

ఇప్పుడు చేప మళ్లీ తగ్గింది. మేరీలాండ్ వాళ్లు 1954 నుంచీ ఏటా వలలు వేసి అదే ఏడు పుట్టిన పిల్లల్ని లెక్కపెడతారు. వల లాగిన ప్రతిసారీ సగటున పదకొండు దాకా రావలసిన చోట 2023లో ఒక్కటి వచ్చింది. 2019 నుంచి వరసగా సగటుకు చాలా దిగువనే ఉంటోంది. దానికి జవాబుగా నియమాలు బిగిశాయి. సముద్రతీరంలో సరదాకు గాలం వేసేవారు రోజుకు ఒక్క చేప ఉంచుకోవచ్చు. దాని పొడవు 28 అంగుళాలకు తగ్గకూడదు, 31 దాటకూడదు. పెద్ద ఆడచేప లక్షల గుడ్లు పెడుతుంది కనుక దాన్ని వదలాలి. సహజమైన ఎర వేస్తే గుండ్రంగా లోపలికి వంగిన కొక్కెమే వాడాలి. అది గొంతులోకి దిగకుండా మూతి మూలన తగులుకుంటుంది. ఈ నియమాల్ని గట్టు మీద చాలామంది శ్రద్ధగా పాటిస్తారు. అప్పుడే చేపకు మంచి చేశామన్న తృప్తీ వాళ్లలో కనిపిస్తుంది.

ఆ తృప్తి దగ్గరే నాకు అభ్యంతరం. పట్టి వదిలిన స్ట్రైపర్లలో నూటికి తొమ్మిది చస్తాయని శాస్త్రవేత్తలు లెక్క వేస్తారు. తొమ్మిది తక్కువే అనిపిస్తుంది. కానీ వదిలే చేపలు ఏటా కోట్ల సంఖ్యలో ఉంటాయి. 2017 లెక్కల్లో మనుషుల వల్ల పోయిన స్ట్రైపర్లలో దాదాపు సగం ఇలా వదిలాక చచ్చినవే. తినడానికి తీసుకెళ్లినవి అంతకంటే తక్కువ. బజారులో అమ్మేవాళ్ల వాటా మొత్తం కలిపినా పదో వంతు దగ్గరే. అంటే రోజుకు ఒక్కటి ఇంటికి పట్టుకెళ్లి ఆపేసినవాడికంటే, పొద్దుటి నుంచి యాభై పట్టి యాభై వదిలినవాడే ఎక్కువ చంపి ఉండవచ్చు. వదలడం మంచిదే, చంపడం కంటే వెయ్యి రెట్లు మంచిది. అయితే అది బ్యాటు ఊపాక జరిగే పని. విలియమ్స్ పటం అడిగేది అంతకు ముందటి సంగతి, అసలు ఊపాలా వద్దా అని. నీళ్లు వేడెక్కిన రోజున, చేపలు గుంపుగా వచ్చి ఎరకు ఎగబడుతున్న వేళ, కొన్నిటిని పట్టాక గాలం చుట్టేసి ఇంటికి పోవడమే వేటగాడి వాక్. ఆ గట్టు మీది మనుషులకు ఇది చెబితే అర్థం కాకుండా పోదు. చెత్త బంతికి ఊపిన కుర్రాణ్ని వాళ్లు రోజూ తిట్టుకునేది ఈ తర్కంతోనే.

తినేందుకు కాకపోతే చేపను పట్టడం దేనికి, అది హింస కాదా అని మన వైపు చదువరులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కొక్కెం గుచ్చుకున్న చేప పడే యాతనను ఆట అనడం నాకూ కష్టమే. అయితే 1980లలో ఆ చేప పక్షాన చట్టసభల్లో, ప్రభుత్వ విచారణల్లో గొంతెత్తినవాళ్లలో దాన్ని గాలంతో పట్టేవాళ్లు ముందు వరసలో ఉన్నారు. ప్రతి పొద్దూ ఆ నీళ్ల పక్కన నిలబడేవాడికి తెలిసినంత తొందరగా చేప తగ్గిన సంగతి ఇంకెవరికీ తెలియదు. వేటను పూర్తిగా తుడిచేస్తే ఆ కాపలా కూడా పోతుంది. అందుకని వేటను తుడిచెయ్యమనను, దాన్ని తక్కువ చెయ్యమంటాను. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

కేప్ కాడ్‌లో తిండి గురించి నాకు గొప్ప అభిప్రాయం లేదు. వేయించిన ఆల్చిప్పలు ఒకసారికి బాగుంటాయి. వేసవిలో బోర్న్, సాగమోర్ వంతెనల మీద వాహనాల రద్దీ ఓర్పుకు పరీక్షే. సాయంత్రాలు మాత్రం అమూల్యం. దేశం నలుమూలల నుంచీ వచ్చిన కాలేజీ కుర్రాళ్లు ఇక్కడి ఊళ్ల బేస్‌బాల్ లీగు జట్లకు ఆడతారు, ఊళ్లోవాళ్ల ఇళ్లలో బస చేస్తారు. ఆట చూడటానికి టికెట్టు లేదు, తోచింది ఇవ్వవచ్చు. కాలువకు దగ్గర్లోనే బోర్న్ మైదానం ఉంది. ఇంకా దూరం పోతే చాథమ్, అక్కడి మైదానాన్ని పొగమంచు కమ్మేసి ఆట ఆగిపోయే రోజులుంటాయి. చాథమ్ ఏస్ అన్న పేరు పెద్ద లీగు జట్టుతో కలుస్తోందని చిక్కు వచ్చినప్పుడు ఆ ఊరివాళ్లు జట్టుకు ఆంగ్లర్స్ అని, గాలగాళ్ల పేరే పెట్టుకున్నారు. ఈ లీగులో నాకు ఎక్కువ నచ్చింది బ్యాటు. కాలేజీల్లో అల్యూమినియం బ్యాట్లు వాడతారు, వాటితో బంతి దూరం పోతుంది. ఈ లీగు 1985లో చెక్క బ్యాట్లకు తిరిగి వచ్చింది. సులువును కావాలని వదులుకుంది. అందువల్లే పెద్ద జట్ల పరిశీలకులు కుర్రాళ్ల అసలు సత్తా చూడటానికి ఇక్కడికి వస్తారు. వేటలో ముళ్లు లేని కొక్కెం, తక్కువసార్లు గాలం విసరడం కూడా అలాంటి ఎంపికలే. పరికరం బలం తగ్గించుకుంటే మనిషి నైపుణ్యం బయటపడుతుందని ఒప్పుకున్న ఊళ్లకు ఇది కొత్త పాఠం కాదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్ల నీతి కదా అన్నది మరో అభ్యంతరం. అందులో నిజముంది. కాలువ గట్టు మీద బక్కెట్టు పక్కన పెట్టుకుని ఇంటి కూరకోసం చిన్న చేపలు పట్టుకునే కుటుంబాలూ ఉంటాయి, వాళ్ల మీద ఈ భారం వెయ్యకూడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. అప్పుడు మత్స్యకారుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమవుతుంది కనుక ప్రభుత్వం భృతి ఇవ్వాల్సి వస్తుంది. స్ట్రైపర్ వెంటపడే సరదా వేటగాడికి ఆగడం వల్ల పోయేది ఒక ఉదయపు సంతోషం మాత్రమే. తిండికోసం పట్టేవాడికంటే అతను ముందు ఆగాలి, ఎక్కువ కాలం ఆగాలి. మేరీలాండ్ 2020 నుంచి ఈ దారి పట్టింది. వేసవిలో నీళ్లు బాగా వేడెక్కే కొన్నాళ్లు, పట్టి వదిలేవాళ్లు సైతం స్ట్రైపర్ జోలికి పోరాదు. మసాచుసెట్స్ కూడా అలాంటి విరామం పెట్టాలని నా అభిప్రాయం.

అలాంటి విరామంలో పట్టుబడినవాడు, నేను బ్లూఫిష్ అనే వేరే చేప కోసం గాలం వేశాను, స్ట్రైపర్ వచ్చి తగిలింది అంటే కాదని ఎవరు రుజువు చేస్తారు, మనసులోని ఉద్దేశానికి శిక్ష వెయ్యగలమా అని అక్కడివాళ్లే వాదిస్తారు. ఆ వాదన బేస్‌బాల్ మనుషుల నోట రావడమే నాకు వింత. బ్యాటర్ సగం ఊపి ఆపుకున్నప్పుడు, అది ఊపినట్టా కాదా అన్నది తేల్చడానికి వాళ్ల నియమావళిలో కొలబద్ద లేదు. కొట్టడానికి ప్రయత్నించాడా అన్నదే ప్రశ్న. వెనకనున్న అంపైర్‌కు తేలకపోతే, పక్క నుంచి చూసే బేస్ అంపైర్‌ను అడుగుతారు. అతను బ్యాటును, మణికట్లను చూసి, చెయ్యి ఎత్తో ఎత్తకుండానో తీర్పు చెబుతాడు. కొన్ని తీర్పులు తప్పుతాయి, అయినా ఆట సాగుతుంది. పెద్ద స్ట్రైపర్‌కు సరిపడే లావాటి తాడు, అరచేతి పొడవున్న ఎర, స్ట్రైపర్లు తిరిగే మూల, తెల్లవారుజాము పోటు. ఈ నాలుగూ ఒకచోట కలిసినప్పుడు గస్తీ అధికారి కూడా అలాంటి తీర్పు చెప్పగలడు.