నాయన మైకుసెట్టు, నా 220 మైక్రోఫారడ్ల తెలివి

మన సాఫ్టువేరు వాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. సర్వరుకి 4 జీబీ మెమరీ చాలంటే 16 పెట్టేస్తాం. అడిగితే "ఎందుకైనా మంచిదని" అంటాం. ఆ జబ్బుతోనే మా నాయన దగ్గర మిగిలిన ఒకే ఒక్క రెక్టిఫయరు వాల్వుని నేను కాల్చేశాను.

మాది ఆదోని. నాయనకి ఒకప్పుడు రేడియో రిపేరు షాపు, దాంతోపాటు మైకుసెట్లు అద్దెకివ్వడం ఉండేది. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆరాధన వచ్చినా, ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చినా మా ఇంట్లోంచి రెండు హారన్లు, ఒక వాల్వు ఆంప్లిఫయరు బస్సు టాపెక్కేవి. ట్రాన్సిస్టరు సెట్లొచ్చాక అన్నీ అమ్మేశాడు గానీ ఒక్కదాన్ని మాత్రం ఉంచుకున్నాడు. రెండు ఈఎల్ 84 వాల్వులు, రెక్టిఫయరుగా ఒక ఈజెడ్ 81, మహా అయితే పది వాట్లు. ఏళ్ళ తరబడి అటక మీదే ఉంది.

కిందటేడు దాన్ని బెంగుళూరు తెచ్చుకున్నా. అంతకాలం పడున్నదాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టకూడదని చిన్నప్పటి నుంచీ వింటున్నదే కాబట్టి సీరీస్ బల్బు పెట్టి ఆన్ చేశా. పాట కన్నా ముందు "గుయ్య్..." మని హమ్ము వచ్చింది. అంటే ఫిల్టర్ కండెన్సరు పోయిందన్నమాట. (కాలేజీలో కెపాసిటర్ అనే చదువుకున్నాం గానీ రిపేరు షాపులో అది కండెన్సరే.)

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తా. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. రెక్టిఫయరు దాన్ని ఒకవైపుకి తిప్పితే సెకనుకి 100 గుట్టలు తయారవుతాయి. ఆ గుట్టల మధ్య పల్లాల్ని పూడ్చేది కండెన్సరు. మునిసిపాలిటీ నీళ్ళొచ్చినప్పుడు నింపుకుని, రానప్పుడు వాడుకునే తొట్టి లాంటిదనుకోండి. అందులోని ఎలక్ట్రోలైటు ఏళ్ళు గడిచేకొద్దీ ఎండిపోతుంది, తొట్టి చిన్నదైపోతుంది, పల్లాలు బయటపడతాయి. మనకి వినపడే హమ్ము అదే.

పాత డబ్బా మీద 32+32 మైక్రోఫారడ్లు, 450 వోల్టులు అని ఉంది. లెక్క వేశా. సెట్టు తాగేది సుమారు 100 మిల్లీ ఆంపియర్లు. 47 మైక్రోఫారడ్లు పెడితే దాని మీద దాదాపు 21 వోల్టుల అల మిగులుతుంది. 220 పెడితే నాలుగున్నర. ఇంకా ఆలోచించేదేముంది? ఎస్పీ రోడ్డుకెళ్ళి 220 తెచ్చేశా. ఫోన్లో నాయనకి చెప్తే,

"ముందున్నది ఎంత?" అన్నాడు.

"ముప్పై రెండు."

"మరి 220 యాడికిరా? దాన్ని నింపేదెవరు, నువ్వా?"

పాతకాలం మనిషి కదా, అలాగే అంటాడులే అనుకున్నా. బెంగుళూరులో రెండు వారాలు సెట్టు బ్రహ్మాండంగా పాడింది. హమ్ము చెవి ఆనించినా వినపడదు. మా అపార్ట్‌మెంటులో కరెంటు పోతే ఇంటికి యూపీఎస్ ఉంది మరి.

దాన్ని నాయనకి వినిపించాలని ఆదోని తీసుకెళ్ళా. సాయంత్రం ఆరింటికి ఘంటసాల పాట నడుస్తోంది. నాయన మంచమ్మీద కూర్చుని కాలితో తాళం వేస్తున్నాడు. కరెంటు పోయింది, రెండు సెకన్లలో తిరిగొచ్చింది. ఆదోనిలో పెరిగినవాళ్ళెవరూ దాన్ని కరెంటు పోవడమని కూడా అనరు. వాల్వులో నీలంగా ఒక మెరుపు, "టప్"మని శబ్దం, ఫ్యూజు ఎగిరింది. నాయన ఏమీ అనలేదు. వాల్వు చల్లారేదాకా ఆగి, తీసి, వెలుతురుకి పట్టి చూసి పక్కన పెట్టాడు. తిట్టుంటే బాగుండేది.

జరిగింది ఏమిటంటే, మామూలుగా ఆన్ చేసినప్పుడు ఈజెడ్ 81 నెమ్మదిగా వేడెక్కుతుంది, కండెన్సరు కూడా నెమ్మదిగా నిండుతుంది. ఏ గొడవా లేదు. కరెంటు రెండు సెకన్లు పోయొస్తే మాత్రం తొట్టి ఖాళీ అయిపోయి ఉంటుంది గానీ వాల్వు ఇంకా వేడిగానే ఉంటుంది. ఖాళీ కండెన్సరంటే ఆ క్షణానికి షార్ట్ సర్క్యూట్‌తో సమానం. 47కి పట్టే సమయానికి 4.7 రెట్లు ఎక్కువసేపు వాల్వు ఆ పోటుని మొయ్యాలి. డేటాషీట్లో ఈజెడ్ 81కి మొదటి కండెన్సరు 50 మైక్రోఫారడ్లకి మించకూడదని స్పష్టంగా రాసే ఉంది. నేను వోల్టేజీ చూశా, ఆంపియర్లు చూశా, ఆ గడి చూడలేదు. స్టేజింగులో పాసై ప్రొడక్షనులో చచ్చిందని మనం అంటుంటామే, సరిగ్గా అదే.

ఇంతకీ 21 వోల్టుల అలని ఏం చెయ్యాలి? అదీ నాయనే చెప్పాడు, మర్నాడు. "చోకు పెట్టింది ఎందుకనుకున్నావు? నీకు అంత లావుదే కావాలంటే చోకు అవతల పెట్టుకో." (ట్యూబులైటు చోకు కాదు, ఫిల్టరు చోకు.) లెక్క వేసి చూస్తే 10 హెన్రీల చోకు, దాని తర్వాత ఒక 47 ఉంటే చాలు, 21 వోల్టులు కాస్తా పదో వంతు వోల్టుకి దిగుతాయి. చోకుకి ముందు 32, చోకు తర్వాత ఇంకో 32 అని ఆ పాత డబ్బా చెప్తూనే ఉంది.

ఇంకో సంగతి వోల్టేజీ. మా ట్రాన్స్‌ఫార్మరు 280-0-280. శిఖరం 396 వోల్టులు, 450ది ధారాళంగా సరిపోతుంది అనిపిస్తుంది. కానీ రాత్రి పదకొండింటికి, ఊరి మీద లోడు తగ్గాక, నాయన మీటరు పెట్టి చూపించాడు: గోడ ప్లగ్గులో 258. అప్పుడు శిఖరం 444 అవుతుంది. మిగిలింది 6 వోల్టులు! వాల్వు తీసేసి రెండు సిలికాన్ డయోడ్లు పడేద్దామన్నా. "ఈఎల్ 84లు వేడెక్కకముందే మొత్తం వోల్టేజీ కండెన్సరు నెత్తిన పడుతుంది, వద్దు" అన్నాడు. నిజమే. అందుకని 350 వోల్టులవి 100 మైక్రోఫారడ్లు రెండు సీరీస్‌లో వేశాం. కలిస్తే 50, తట్టుకునేది 700. వోల్టేజీ సమానంగా పంచుకోవడానికి ఒక్కోదాని మీద 220 కిలోఓముల రెసిస్టరు. ఆఫ్ చేశాక వాటిని ఖాళీ చేసేవి కూడా అవే, అయితే రెండు నిమిషాలు ఆగాలి. సెట్టు విప్పేవాళ్ళు ఇది మాత్రం మర్చిపోకండి. ప్లగ్గు పీకినా లోపల 300 వోల్టులు కూర్చునే ఉంటాయి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. నాయన అయితే స్క్రూడ్రైవరుతో "టప్" మనిపించేవాడు, అది మీరు చెయ్యకండి.

వేడి సంగతి కూడా ఉంది. 85 డిగ్రీలది కాకుండా 105 డిగ్రీలది తీసుకున్నా. పది డిగ్రీల వేడి తగ్గితే కండెన్సరు ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని లెక్క, ఆదోని ఎండాకాలంలో మూసిన పెట్టెలో వాల్వుల పక్కన ఉండాలి మరి. రెక్టిఫయరు నుంచి నాలుగంగుళాలు దూరంగా బిగించాం. నాయన చేతులు వణుకుతున్నాయి కాబట్టి టంకం నేను వేశా, ఎక్కడ వెయ్యాలో ఆయన చూపుడు వేలితో చూపించాడు.

ఈజెడ్ 81 బెంగుళూరులో ఒక పాత సరుకు షాపులో దొరికింది. ధర చెప్పను, మా ఆవిడ ఇది చదువుతుంది :)

సెట్టు ఇప్పుడు ఆదోనిలోనే ఉంది. హమ్ము కొంచెం వినిపిస్తుంది, హారను కాదు కదా, ఇంట్లో స్పీకరు. 50 పెట్టాం కాబట్టి భయం లేదని నేను ఎంత చెప్పినా కరెంటు పోగానే నాయన లేచెళ్ళి స్విచ్చి ఆపుతాడు. వచ్చాక కూడా ఐదు నిమిషాలు ఆగి వేస్తాడు.