మూసీ వెంట

వాన వెలిసిన పొద్దున అనంతగిరి కొండల్లో చూడాలి మూసీని. చెప్పులు చేత్తో పట్టుకుని దాటేంత సన్నటి వాగు. అడుగున గులకరాళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. వంగి దోసిలి పట్టి తాగాను. ఆ తర్వాత దారి పొడుగునా మళ్లీ ఆ పని చేయలేకపోయాను.

వికారాబాద్ దాటి గండిపేట చేరేదాకా నది నదిలాగే ఉంటుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మళ్లీ అలా జరగకూడదని, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. వరద ముప్పూ తగ్గింది, ఊరికి తాగునీరూ దొరికింది. ఆ రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకూడదని 1996లో 111 జీవో వచ్చింది. 84 ఊళ్లకు వర్తించిన ఆ కాగితమే ఇన్నేళ్లూ ఆ నీళ్లను కాచింది. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో ఇచ్చారు. పాడు కాని నీటిని పాడు కాకుండా చూసుకోవడం కంటే చవకైన శుద్ధి ఏదీ లేదని నా గట్టి నమ్మకం.

గండిపేట కట్ట కింద మూసీకి సొంత నీళ్లు లేవు. గేట్లు ఎత్తిన నాలుగు రోజులు తప్పిస్తే, లంగర్‌హౌజ్‌లో ఈసీ వచ్చి కలిసేచోటైనా, 1578 నాటి పురానాపూల్ కమానుల కిందైనా పారేది మనం వదిలిందే. వంటింటి నీళ్లు, మరుగుదొడ్డి నీళ్లు, నాలాల్లో పోసిన రసాయనాలు. శుద్ధి కేంద్రాలు కట్టారు, ఇంకా కడుతున్నారు. అవి కావాల్సిందే. కానీ ఇళ్ల మురుగు కోసం కట్టిన కేంద్రం మందుల కంపెనీ వ్యర్థాన్ని పూర్తిగా శుద్ధి చేయజాలదు. యాంటీబయాటిక్ అవశేషాలు నీళ్లలో మిగిలిపోతే, వాటిని తట్టుకునే సూక్ష్మక్రిములు అక్కడే తయారవుతాయి. అందుకే ఆ వ్యర్థాన్ని ఫ్యాక్టరీ గేటు దాటకముందే ఆపాలి.

నాగోలు దాటాక సిటీ మూసీని మరిచిపోతుంది. నది మాత్రం ఊళ్లను మరవదు. పిల్లాయిపల్లి కత్వ (ఆనకట్ట) దగ్గర నీళ్లు దూకేచోట తెల్లటి నురగ మంచమంత ఎత్తు లేచి, గాలికి తెగి, పక్క పొలం గట్టు మీద వాలింది. పుల్లతో కదిపితే విరగలేదు, జిగురులా పుల్లకు అంటుకుంది. ఆ కత్వ నుంచి సాగే కాలువ కిందే వరి. ఏడాది పొడుగునా పారే నీళ్లు, రైతులు వదులుకోలేరు.

వలిగొండ దగ్గర నాట్లేస్తున్న ఒక పెద్దామె కాళ్లు చూపించింది. మోకాళ్ల దాకా చర్మం గరుకుదేలి, గీరుకున్న చోటల్లా నల్లబడింది.

"కొబ్బరినూనె రాసుకొని దిగుతం బిడ్డా. అయినా రాత్రంత దురదనే. పట్నపోళ్లు పైన వాడుకొని వదుల్తరు, మేం కింద మోస్తున్నం."

ఒడ్డున నడకదారులు, రంగు దీపాలు వేసే పథకాల గురించి చాలా వింటున్నాం. మూసీ బాగుపడిందో లేదో చెప్పాల్సింది ఆ దీపాలు కాదు, ఈ కాళ్లు.

వాడపల్లిలో మూసీ కృష్ణలో కలుస్తుంది. రేవులో ఒక తల్లి బిడ్డకు తలస్నానం చేయించబోతూ ఆగి, పడవ మనిషిని అడిగింది: "అన్నా, కృష్ణ నీళ్లు ఏ దిక్కు?"

అతను చెయ్యి చూపించాడు. బిడ్డను చంకనెత్తుకుని ఆమె అటువైపు నడిచింది.