పాలు కక్కే పసిబిడ్డ

పసిబిడ్డ పాలు కక్కితే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తుంది. నాయనమ్మ బాలింత తినరానిదేదో తిన్నదని అనుమానిస్తుంది. తండ్రి మందుల దుకాణానికి వెళ్ళి ఏదో ఒక చుక్కల మందు తెస్తాడు. పిల్లల వైద్యుడిగా ముప్పై ఎనిమిదేళ్ళు పనిచేసిన నేను ఈ ఒక్క లక్షణం విషయంలో రెండు పెద్ద పొరపాట్లు చేశాను. ఒకటి తేలికగా తీసుకున్నందువలన, మరొకటి అతిగా భయపడినందువలన జరిగాయి. ఆ రెండింటినీ మీకు చెప్పదలచాను.

మొదటిది నా తొలి ఉద్యోగపు రోజుల నాటిది. అది ఒక చిన్న పట్టణంలోని ఆసుపత్రి. ఒక తల్లి మూడు వారాల మగబిడ్డను తీసుకొచ్చింది. తొలిచూలు బిడ్డ. “పాలు ఇమడటం లేదండీ, తాగినవి తాగినట్లే కక్కేస్తున్నాడు” అన్నది. బయట వరండా నిండా జనం. బిడ్డ చురుకుగా కాళ్ళూ చేతులూ ఆడిస్తున్నాడు. “పసిపిల్లలు పాలు కక్కడం మామూలేనమ్మా, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకో” అని చెప్పి పంపించాను. బరువు తూచలేదు. ఆమె గుమ్మం దగ్గర ఆగి, “అంత దూరం పడుతున్నాయండీ” అని చేత్తో చూపించింది. ఆ మాట నా చెవిన పడింది గాని బుద్ధికి ఎక్కలేదు.

పది రోజుల తరువాత అదే బిడ్డను మళ్ళీ తెచ్చారు. కళ్ళు గుంటలు పడ్డాయి, నడినెత్తి లోతుకు పోయింది, ముఖం ముసలివాడి ముఖంలా ముడుచుకుపోయింది. మా పెద్ద డాక్టరు గారు నన్నేమీ అనలేదు. తల్లిని పాలు పట్టమని చెప్పి, బిడ్డ పొట్ట మీద చేయి వేసి చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. కాసేపటికి పొట్ట మీద ఎడమ నుండి కుడికి ఒక అల కదలడం నాకూ కనిపించింది. “ఇక్కడ వేలు పెట్టి చూడు” అన్నారు. కుడివైపు, పక్కటెముకల దిగువన, రేగుపండంత గట్టి గడ్డ తగిలింది. జీర్ణాశయం నుండి చిన్నప్రేగులోకి పోయే ద్వారం చుట్టూ ఉన్న కండరం మందమై దారి మూసుకుపోయే ఈ వ్యాధిని పైలోరిక్ స్టెనోసిస్ అంటారు. సాధారణంగా పుట్టిన రెండు నుండి ఎనిమిది వారాల మధ్య బయటపడుతుంది. ఆడపిల్లలకంటే మగపిల్లలలో నాలుగు రెట్లు ఎక్కువ. బిడ్డ పాలన్నీ వేగంగా, దూరంగా వెళ్ళగక్కి, వెంటనే మళ్ళీ ఆకలితో ఏడుస్తాడు. జర్మనీకి చెందిన రామ్‌స్టెడ్ 1912లో ప్రచురించిన శస్త్రచికిత్సనే ప్రపంచమంతటా నేటికీ చేస్తున్నారు. వాంతులతో పోయిన నీటినీ లవణాలనూ ముందు సెలైనుతో భర్తీ చేసి, ఆ తరువాతే శస్త్రచికిత్సకు తీసుకువెళ్ళారు. బిడ్డ దక్కాడు. తల్లి నాకు దండం పెట్టి వెళ్ళింది. ఆ దండం నన్ను చాలాకాలం బాధించింది.

రెండవ పొరపాటు ఆ బాధలోనుండే పుట్టింది. ఆ తరువాత నా దగ్గరకు పాలు కక్కుతూ వచ్చిన ఏ బిడ్డనూ మందు లేకుండా పంపలేదు. బొద్దుగా, నవ్వుతూ, నెలనెలా బరువు పెరుగుతున్న బిడ్డలకు కూడా చుక్కల మందులు రాశాను. వాటిలో సిసాప్రైడ్ ఒకటి. అది గుండె లయను ప్రమాదకరంగా తప్పించగలదని తేలి, 2000లో అమెరికా విపణి నుండి తొలగిపోయింది. మన దేశంలో 2011లో నిషేధించారు. నా చేతి మందు వాడిన బిడ్డలకు హాని జరిగినట్లు నేను చూడలేదు. అయితే వారిలో చాలామందికి ఆ మందుతో అవసరమే లేదు.

ఎందుకు అవసరం లేదో చెబుతాను. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఒక కండర వలయం ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, పిదప బిగుసుకుంటుంది. మధ్యమధ్య తనంతట తానే కొన్ని క్షణాలు సడలుతుంది కూడా. పెద్దవారిలో ఆ సడలిన క్షణంలో త్రేన్పు మాత్రమే పైకి వస్తుంది. పసిబిడ్డ రోజంతా పడుకునే ఉంటాడు, తాగేదంతా ద్రవమే, అన్నవాహిక పొడవు తక్కువ. కనుక త్రేన్పుతో పాటు పాలూ నోటిదాకా వస్తాయి. తాగే పరిమాణం కూడా గమనించండి. బిడ్డ రోజుకు కిలో బరువుకు సుమారు 150 మిల్లీలీటర్ల పాలు తాగుతాడు. అదే లెక్కన అరవై కిలోల మనిషి రోజుకు తొమ్మిది లీటర్లు తాగాలి! అలా తాగి వెల్లకిలా పడుకుంటే మీరూ నేనూ కక్కమా?

నాలుగవ నెలలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. ఆ వయస్సులో మూడింట రెండు వంతుల బిడ్డలు రోజుకు ఒక్కసారైనా పాలు కక్కుతారు. కూర్చోవడం, ఘనాహారం తినడం మొదలయ్యాక తగ్గుతూ, ఏడాది, ఏడాదిన్నర నాటికి దాదాపు అందరిలోనూ ఆగిపోతుంది. కక్కినవి పెరుగులా విరిగి ఉంటే భయపడకండి, అది జీర్ణాశయంలోని ఆమ్లం చేసే పని. ఎంత కక్కాడన్న అంచనాలో గుడ్డ మనలను మోసగిస్తుంది. ఒక చెంచాడు పాలు తువ్వాలు మీద ఒంపి చూడండి, తాగినవన్నీ కక్కినట్లే కనిపిస్తాయి. బరువు తూచే యంత్రం అలా మోసగించదు. తొలి మూడు నెలలలో రోజుకు సగటున 20 నుండి 30 గ్రాములు పెరుగుతున్న బిడ్డ, ఎన్ని గుడ్డలు తడిపినా చల్లగా ఉన్నట్లే.

పోయిన ఏడాది మా అమ్మాయి పురిటికి ఇంటికి వచ్చినప్పుడు ఈ చదువంతా మా ఇంట్లోనే పరీక్షకు వచ్చింది. మనవరాలు రెండవ నెలలో పూటకు నాలుగు గుడ్డలు మార్పించేది. మా ఆవిడ వసకొమ్మ అరగదీసి నాకించబోయింది. “వస వాంతులు పుట్టించే మూలిక కదా, కక్కే బిడ్డకు కక్కించే మందు దేనికి?” అన్నాను. నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆ సంగతి అలా ఉంచి, మేము చేసినవి చెబుతాను.

పిల్ల గుక్కపట్టి ఏడ్చేంత ఆకలి అయ్యేదాకా ఆగకుండా, పెదవులు చప్పరించడం మొదలుపెట్టగానే పాలివ్వమన్నాను. ఆకలితో ఆవురావురుమని తాగే బిడ్డ పాలతో పాటు గాలినీ మింగుతుంది. ఒక రొమ్ము అయ్యాక మధ్యలో ఒకసారి, చివర ఒకసారి త్రేన్పు తీయించేవాళ్ళం. ఆపైన ఇరవై నిమిషాలో అరగంటో నిటారుగా ఎత్తుకోవడం నా వంతు. నూనె మర్దనా, లాల పోయడం పాలకు ముందుకు మార్చాము. కడుపు నిండిన బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసి రుద్దితే పాలు బయటకు రాక ఏమౌతాయి? పాలు తాగిన వెంటనే చీర ఉయ్యాలలో కూడా వేయనీయలేదు. అందులో బిడ్డ నడుము దగ్గర మడతపడి పొట్ట నొక్కుకుంటుంది. సీసాపాలు తాగే బిడ్డలైతే, సీసా ఖాళీ చేయించాలనే పట్టుదల మానండి. తల త్రిప్పుకుంటే చాలన్నట్లే. బాలింతకు కారణం లేకుండా కొత్త పథ్యాలు పెట్టకండి, ఉన్న పథ్యాలే ఎక్కువ. మలంలో రక్తం, ఒంటి మీద ఎగ్జిమా వంటివి కూడా ఉంటే ఆవుపాల ప్రోటీను పడటం లేదేమోనని వైద్యులు అనుమానించి, తల్లి చేత రెండు నుండి నాలుగు వారాలు పాలు, పెరుగు మాన్పించి చూస్తారు.

మా అమ్మాయి ఒక రాత్రి, “నాన్నా, నిద్రలో కక్కితే ఊపిరాడదేమో, బోర్లా పడుకోబెట్టనా?” అని అడిగింది. ఈ భయం ప్రతి తల్లికీ కలుగుతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక దాని కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. బోర్లా పడుకుంటే ఆ అమరిక తలక్రిందులవుతుంది. బోర్లా నిద్రించే శిశువులలో ఆకస్మిక మరణాలు ఎక్కువని తెలిసి, 1992 నుండి అమెరికా పిల్లల వైద్యుల సంఘం బోర్లా నిద్రపుచ్చవద్దని చెబుతున్నది. కక్కే బిడ్డకైనా సమతలమైన గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా పడకే క్షేమం.

ఇక మందుల మాట. ఆమ్లాన్ని తగ్గించే మందులు కక్కడాన్ని ఆపవు, కక్కే పాలలో పులుపును మాత్రమే తగ్గిస్తాయి. ఆ ఆమ్లం క్రిములను చంపే కాపలాదారు కూడా కావడంతో, ఈ మందులు వాడే బిడ్డలలో విరేచనాలు, ఊపిరితిత్తుల అంటువ్యాధులు పెరుగుతాయి. డాంపెరిడోన్ చుక్కలు మనవద్ద విరివిగా అమ్ముడుపోతాయి గాని, గుండె లయ విషయంలో వాటికీ మచ్చ ఉన్నది. అన్నవాహిక పుండుపడి, నొప్పితో పాలు మానేసి, బరువు తగ్గే బిడ్డలు కొందరుంటారు. మందులు వారి కోసం, అవీ వైద్యుని పర్యవేక్షణలోనే.

అయితే ఆ తొలిచూలు బిడ్డ నాకు మరపునకు రాడు. కాబట్టి ఇవి గుర్తుంచుకోండి. వాంతి ఆకుపచ్చగా ఉంటే అది ప్రేగు మెలిపడిన సూచన కావచ్చును. తెల్లవారేదాకా ఆగవద్దు, శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి ఆ గంటలోనే చేరండి. పాలు చిమ్ముకుంటూ దూరంగా పడుతున్నా, వాంతిలో రక్తం కనిపించినా, పొట్ట ఉబ్బినా, జ్వరం వచ్చినా, నడినెత్తి పొంగినా, మూత్రపు గుడ్డలు తగ్గినా, బిడ్డ మందకొడిగా ఉన్నా అదే రోజు చూపించండి. ఆరు నెలలు నిండాక కొత్తగా మొదలైన కక్కు కూడా మామూలు కక్కు కాదు. వైద్యుడు తొందరలో ఉంటే, “బరువు ఒకసారి తూచండి” అని అడగండి. గుమ్మం దగ్గర గుర్తుకు వచ్చిన మాటైనా సరే, వెనక్కి వచ్చి కూర్చుని చెప్పండి.