ఆ పసికందు ఎవరి అమానతు?

తల్లి గర్భంలో శిశువు రూపుదిద్దుకునే తొలి నాలుగు వారాల్లోనే మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాళం పూర్తిగా మూసుకోవాలి. దిగువ భాగంలో అది మూసుకోకుండా మిగిలిపోతే బిడ్డ వెన్ను మీద ఒక తెరచిన గాయంతో పుడుతుంది. వైద్యులు దీనిని స్పైనా బిఫిడా అంటారు. తీవ్రమైన రూపంలో కాళ్లకు చచ్చుదనం వస్తుంది, మలమూత్రాల మీద అదుపు ఉండదు, తలలో నీరు చేరుతుంది.

ఇలాంటి పిల్లల సేవలో జీవితం గడిపిన ఒక వైద్యుని చరిత్ర చాలాకాలంగా నన్ను ఆలోచింపజేస్తున్నది. ఆయన ఇంగ్లండులోని షెఫీల్డ్ పిల్లల ఆసుపత్రికి చెందిన జాన్ లార్బర్. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే ఒక తండ్రి, స్పైనా బిఫిడాతో పుట్టిన తన కుమారుని కోసం, తలలోని నీటిని బయటికి మళ్లించే చిన్న కవాటాన్ని తయారుచేశాడు. ఆయన వైద్యుడు కాడు, తాళాల కర్మాగారంలో పనిచేసే సాంకేతికుడు. అటువంటి కవాటాలు వచ్చిన తరువాత అంతవరకు చేతులు కట్టుకు నిలబడిన వైద్యులకు ఆశ కలిగింది. షెఫీల్డ్‌లో పుట్టిన ప్రతి బిడ్డకూ వెంటనే శస్త్రచికిత్స చేయసాగారు. లార్బర్ ఆ ఉద్యమంలో ముందున్నవారు.

అయితే 1971లో ఆయన 524 మంది పిల్లల వివరాలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. చాలామంది మరణించారు. బతికినవారిలో ఎక్కువమంది తీవ్రమైన వైకల్యంతో ఉన్నారు. ఆ బాధలు చూసి చలించిన ఆయన కొన్ని కొలతలు నిర్ణయించారు. పక్షవాతం వెన్నులో ఎంత ఎత్తున మొదలైంది, తల ఎంత పెరిగింది, వెన్ను ఎంత వంగింది, ఇతర పెద్ద లోపాలున్నాయా అన్నవే ఆ కొలతలు. వాటికి సరిపడని పసికందులకు శస్త్రచికిత్స చేయకుండా విడిచిపెట్టడమే మేలన్నారు. అలా విడిచిన పిల్లల్లో అత్యధికులు కొద్ది మాసాలైనా బతకలేదు.

అదే నగరంలో ఆయనతో కలిసి పనిచేసిన శస్త్రవైద్యుడు రాబర్ట్ జాకరీ దీనిని అంగీకరించలేదు. తనంతట తాను మరణానికి చేరువ కాని బిడ్డను, రేపటి జీవితం బాగుండదన్న అంచనాతో వదలివేయరాదని ఆయన వాదించారు. 1977లో ఈ పిల్లల జీవితం గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు.

ఇద్దరిలోనూ దయ ఉన్నది. కాని దయ ఒక్కటే దారి చూపదని ఈ చరిత్ర చెబుతున్నది. మరొక విశేషం గమనించండి. తల పరిమాణాన్ని ఒక కొలతగా నిర్ణయించిన ఆ లార్బరే తరువాతి కాలంలో, తలలో విపరీతంగా నీరు నిండిన ఒక యువకుణ్ణి పరీక్షించారు. ఆ యువకుడు షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో గణితంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు! 1980లో ఈ సంగతి సైన్స్ పత్రికలో వచ్చింది. బిడ్డ ముఖం చూసి అతని రేపటిని చదవగల జ్ఞానం ఏ దాసునికీ ఇవ్వబడలేదు.

చికిత్స వల్ల ప్రయోజనమే లేనప్పుడు దానిని మానుకోవడం వేరు; ఈ ప్రాణానికి విలువ లేదని తేల్చడం వేరు. మొదటిది వైద్యుని వివేకానికి సంబంధించినది. రెండవది మన అధికారంలో లేదు, ఎందుకంటే ప్రాణం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. షరీఅత్ అశక్తుని గురించి వేసే ప్రశ్న ఒక్కటే: ఇతనికి ఎంతవరకు సాధ్యం? నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పడుకుని నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అంధుడైన ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)ను ఆయన ముఅజ్జిన్‌గా నియమించారు. తాము ప్రయాణమై వెళ్లినప్పుడు మదీనా బాధ్యతను అప్పగించారు.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి తొమ్మిదేళ్ల కుమారుణ్ణి ఎత్తుకుని మా మదరసాకు వచ్చింది. ఆ బిడ్డకు ఈ వ్యాధే. కొన్ని గంటలకొకసారి సన్నని గొట్టంతో మూత్రం తీయాలి. “మౌల్వీ సాబ్, వీడి నమాజు చెల్లుతుందా? వీణ్ణి చేర్చుకుంటారా?” అని అడిగింది. ఆ రెండు ప్రశ్నలూ నిజానికి ఒకటే.

వుజూ చేసి ఫర్జ్ నమాజు ముగించేంత వ్యవధి కూడా లేకుండా, ఒక నమాజు వేళ ఆసాంతం మూత్రం స్రవించే వ్యక్తిని హనఫీ ఫిఖహ్ మాజూర్‌గా పరిగణిస్తుంది. అతడు ప్రతి నమాజు వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. వేళ ముగిసేవరకు ఆ కారణంగా వుజూ భంగం కాదు. గొట్టంతో తీసిన తరువాత మళ్లీ తీసేదాకా పొడిగా ఉండే బిడ్డకైతే ఈ రాయితీ కూడా అక్కరలేదు. అందరి వుజూయే అతని వుజూ. ఈ పద్ధతిని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ ప్రచారంలోకి తెచ్చారు. ఎందరో పిల్లల మూత్రపిండాలను అది కాపాడింది. మన పిల్లలకు మస్జిదు తలుపులనూ తెరిచింది.

బాలుణ్ణి చేర్చుకున్నాము. అతని తల్లి నుంచి నేను నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. స్పర్శలేని శరీరభాగాలకు నొప్పి తెలియదు. గంటల తరబడి చాప మీద కూర్చోబెడితే పుండ్లు పడతాయి. కనుక మెత్తని పరుపు వేయాలి, తరచు కదిలించాలి. తలలో గొట్టం అమర్చిన బిడ్డకు తలనొప్పి, వాంతులు, మగత కలిగితే పాఠం ఆపి వెంటనే ఆసుపత్రికి పంపాలి. మదరసా ఉస్తాదులందరూ ఈ రెండు సంగతులు తెలుసుకోవాలి.

ఇక మన ఇళ్లలో ఒక అన్యాయం జరుగుతున్నది. ఇలాంటి బిడ్డ పుట్టగానే గ్రహణం చూసిందని, దిష్టి తగిలిందని కోడలిని నిందిస్తారు. తమ కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఎవరి చావు పుట్టుకల కోసమూ గ్రహణం పట్టదని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. అంతటి దుఃఖంలోనూ ఆయన అంగీకరించని మూఢనమ్మకాన్ని మనం ఒక బాలింత మీద మోపవచ్చునా?

తెలుసుకోవలసిన కారణం వేరే ఉన్నది. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ గర్భధారణకు ముందునుంచే తీసుకుంటే ఈ లోపాలు చాలావరకు తగ్గుతాయి. అంతకు ముందు ఇలాంటి గర్భం దాల్చిన తల్లుల్లో అది మళ్లీ సంభవించడం 72 శాతం తగ్గినట్లు 1991లో బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం తేల్చింది. గర్భం సంగతి తెలిసేనాటికి ఆ నాళం మూసుకోవలసిన గడువు తరచు దాటిపోతుంది. కాబట్టి నికాహ్ అయిన నాటినుంచే వధువు రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవడం మంచిది. ఇంతకుముందు ఇలాంటి బిడ్డ కలిగినవారు, మధుమేహం ఉన్నవారు, మూర్ఛకు మందులు వాడుతున్నవారు మాత్రం ముందుగానే వైద్యుని సంప్రదించాలి; వారికి మోతాదు వేరుగా ఉండవచ్చు.

మహరు, జహేజు, వలీమా భోజనాల గురించి నెలల తరబడి చర్చించే పెద్దలు ఈ చిన్న మాత్ర గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. ఇంత జాగ్రత్త తీసుకున్నా అల్లాహ్ మన ఒడిలో అలాంటి బిడ్డనే ఉంచితే, చేతులు చాచి స్వీకరించాలి. రేపు మనల్ని అడిగేది ఆ బిడ్డ నడిచాడా అని కాదు, ఆ అమానతును మనం ఎలా చూసుకున్నామని.